చిజురు చొక్కా మీద పతకం

ఒసాకాలో బ్రెడ్డు దుకాణంలో పనిచేసే చిజురుకు పురుగులంటే చచ్చేంత భయం. ఆ భయం, పురుగు కనబడితే చాలు వాళ్లమ్మ పెట్టే అరుపుల్లోంచి వచ్చింది. నాలుగేళ్ల కూతురు కొజుయెకి మాత్రం అది అంటనివ్వకూడదని ఆమె పట్టుదల.

ఆ వేసవి ఉదయం పార్కులో కొజుయె చెట్టును పట్టుకుని ఉన్న, కీచురాయి విడిచేసిన ఒట్టి గుల్లను తెచ్చింది. "అమ్మా, వంగు. నీకు పతకం పెడతా" అంటూ దాని కొక్కేల్లాంటి కాళ్లను తల్లి చొక్కాకి తగిలించింది.

"భలే ఉంది తల్లీ" అంది చిజురు, కళ్లు గట్టిగా మూసుకుని.

పక్కింటి మొరినో మామ్మ చెవి దగ్గరికొచ్చి, "మొహం పాలిపోయిందే పిల్లా, తీసెయ్యనా?" అంది.

"వద్దు మామ్మగారూ, కొజుయె చూస్తోంది."

"మరి కళ్లన్నా తెరువు."

చిజురు కళ్లు తెరిచింది. పతకంతోనే ఇంటిదాకా నడిచింది. గుమ్మం ముందు వెల్లకిలా పడి ఉన్న కీచురాయి చచ్చిందనుకుంటే, ఒక్కసారిగా గీపెడుతూ నేలమీద గిరగిరా తిరిగింది. కొజుయె అదిరిపడి, ఏడవాలో వద్దో తెలియక తల్లి మొహంలోకి చూసింది.

చిజురు వెనక్కి వెయ్యబోయిన అడుగు ఆపుకుంది.

"అబ్బో, ఎంత గొంతే దీనికి" అని నవ్వింది.

కొజుయె కూడా నవ్వి, దాన్ని చూడ్డానికి గొంతుక్కూర్చుంది.