నాన్న చేతుల మధ్య ఎర్ర చుక్క

ఇవాళ పొద్దున పక్కింటి అమ్మాయి తను కుట్టిన జాకెట్టుకి ఫోటో తీయడానికి గుండ్రటి ఎల్ఈడీ లైటు వెలిగించింది. దారపు పోగులు కూడా విడివిడిగా కనబడేంత వెలుతురు...

మా చిన్నప్పుడు ఎల్ఈడీ అంటే కందిగింజంత ఎర్ర చుక్క. డెబ్భైల చివర్లో బందరులో దాన్ని చూసినవాళ్ళే తక్కువ. రేడియోలు బాగుచేసే మా నాన్న మద్రాసు నుంచి రెండు తెప్పించారు. మొదటిదాన్ని రెసిస్టరు లేకుండా తిన్నగా బ్యాటరీకి కలిపారు... ఒక్క మెరుపు మెరిసి చచ్చిపోయింది.

మిగిలినదాన్ని మా కాన్వెంటు సైన్సు ఎగ్జిబిషన్ కోసం, పాలపొడి డబ్బాతో చేసిన లైట్‌హౌస్ మీద పెట్టారు.

"టార్చి బల్బు పెడదాం నాన్నా, బాగా కనబడుతుంది" అన్నాను.

"అది బ్యాటరీని తాగేస్తుంది తల్లీ. ఇదైతే తెల్లవార్లూ వెలుగుతుంది."

"ఎగ్జిబిషన్ పగలే కదా?"

నాన్న వైరు చివర్లు మెలిపెడుతూ ఉండిపోయారు.

హాలు నిండా కిటికీలు... ఎండ. పక్క బల్ల మీద రంగు కాగితాలు చుట్టిన బల్బులు ధగధగలాడుతున్నాయి. మా చుక్క వెలుగుతోందో లేదో నాకే తెలియలేదు. నాన్న షాపులో వేసుకునే మరకల చొక్కాతోనే వచ్చి, రెండు అరచేతులూ దాని చుట్టూ గూడులా పట్టారు.

"రండమ్మా, ఇలా వంగి చూడండి... కనబడిందా?"

వచ్చిన ప్రతివాళ్ళనీ పిలుస్తున్నారు. సిస్టరు గారిని కూడా.

"ఏమేవ్, మీ నాన్నగారు దీపం గాలికి ఆరిపోతుందనుకుంటున్నారా?" అని మా క్లాసు అమ్మాయి నా చెవిలో అంది. వెనక కిసకిసలు. నాకు బల్ల కిందకి దూరిపోవాలనిపించింది.

ఇంతలో ఫోటోగ్రాఫరు వచ్చాడు.

"చేతులు తీయండి మాస్టారూ, మోడల్ కనబడాలి."

"తీస్తే లైటు కనబడదండీ."

"ఫ్లాషు కొడితే ఎలాగూ కనబడదు లెండి!"

అందరూ నవ్వారు. నాన్న కూడా నవ్వారు. చేతులు మాత్రం తీయలేదు.

ఆ ఫోటో నా దగ్గరే ఉంది. ఫ్లాషుకి నాన్న చేతులు తెల్లగా పడ్డాయి, వాటి మధ్య ఏ వెలుగూ లేదు. పక్కన నేను, నా బూట్ల వంక చూస్తూ... అప్పుడు నాన్నని చూసి సిగ్గుపడ్డాను. ఇప్పుడు ఆ వంచిన తలని చూసి.

ఈ రోజుల్లో ఒక్క ఎల్ఈడీ వీధంతా పగలు చేసేస్తోంది. ఎవరూ చెయ్యి అడ్డం పెట్టక్కర్లేదు. మీ ఇంట్లో ఎవరిని చూసైనా మీరూ ఇలా తల దించుకుని ఉంటే రాయండి... చదువుతాను.

మా నాయనమ్మది హంసలదీవి. ఆ ఎగ్జిబిషన్‌కి ముందు ఏడాది ఉప్పెనలో పోయింది. ఆ రాత్రి ఊళ్ళో ఒక్క దీపం కూడా లేదట.