మందతో పాటు నడిచిన డిష్షు

బేస్తవారిపేట సెంటర్లో నాకు డిష్షుల దుకాణం ఉంది. నేను బిగిస్తే ఆకాశంలో ఉపగ్రహమే మెడ తిప్పి మా వైపు చూస్తుందని ఇక్కడ ఎవర్నడిగినా చెబుతారు. ఒకసారి వానలో గొడుగు తిరగేసి పట్టుకుంటే పన్నెండు చానళ్ళు వచ్చాయి. గొడుగు గాలికి కొట్టుకుపోయింది గాని, లేకపోతే మీకు చూపించేవాణ్ణి.

అలాంటి నా దగ్గరికి జనవరిలో ఒక పొద్దున లక్ష్మీకుమారి వచ్చి, సంచిలోంచి పుస్తకమంత టీవీ ఒకటి తీసి బల్ల మీద పెట్టింది.

"నాగులన్నా, దీంట్లో బొమ్మ రాలేదు. ఎందుకు రాలేదో చెప్పిందాకా ఈడనే కూచుంటా."

ఆమె నాకు వరసకు చెల్లెలు. ముప్పై రెండేళ్ళుంటాయి. ఊరు పెద్దారవీడు పక్కన. మొగుడు నరసింహులు, తను కలిసి గొర్రెలు కాస్తారు. కోతలయ్యాక ఎరువు కోసం రైతులు తమ చేలల్లో మంద పెట్టించుకుంటారు. ఒక చేలో నాలుగైదు రాత్రులు, మళ్ళీ ఇంకో చేను. ఆ కాలమంతా మొగుడూ పెళ్ళాం మందతోనే ఉంటారు, ఇల్లు చూసేది తక్కువ.

వాళ్ళ ఊరి అంగన్‌వాడీ టీచరమ్మ వచ్చే వేసవిలో పని మానేస్తోంది. ఆ పనికి పదో తరగతి పాసై ఉండాలి. లక్ష్మీకుమారి ఓపెన్ స్కూల్లో కట్టి అన్నీ గట్టెక్కింది, లెక్కలు తప్ప. ఏప్రిల్లో ఇంకో పరీక్ష ఉంది. అదీ పోతే ఆ పని వేరేవాళ్ళకి వెళ్తుంది. టీవీలో రోజూ మధ్యాహ్నం లెక్కల పాఠం వస్తుంది. ఫోనులో చూద్దామంటే ఆ కొండ కింద చేలల్లో సిగ్నలు ఉండదు.

టీవీ ఇచ్చింది పవన్. వీళ్ళ మంద పెట్టించుకునే రైతు పిచ్చయ్య కొడుకు, ఫిలిప్పీన్స్‌లో డాక్టరు చదువుతున్నాడు. సెలవులకొచ్చినప్పుడు, "అక్కా, దీనికి డిష్షొద్దు, కేబులొద్దు. ఏరియల్ లేపితే చాలు, ఊరికే వస్తాది" అని చేతిలో పెట్టాడు. ఈమె చేలో లేపింది, గుట్టెక్కి లేపింది. చివరికి టీవీని నడుముకు కట్టుకుని చింతచెట్టెక్కింది.

"మీ బావ ఒకటే నవ్వు. చానల్ కోసం చెట్టెక్కితివి, పాఠం కోసం యాడికెక్కుతావు అని."

"పవన్ అబద్ధం చెప్పలేదు చెల్లే. ఆ దేశంలో వస్తాది. ఇది జపానోళ్ళ పద్ధతి టీవీ."

"పద్ధతేంది? గొర్రె ఏ దేశంలో అయినా గొర్రే కదా?"

ఈ సంగతి పూర్తిగా తెలిసినవాళ్ళు ప్రపంచంలో ఇద్దరే. రెండోవాడు జపానులో ఉన్నాడు. కాబట్టి నేనే చెప్పాల్సి వచ్చింది. టవరు మీంచి గాల్లోకి డిజిటల్ బొమ్మ పంపడానికి అమెరికా ఒక పద్ధతి పెట్టుకుంది, యూరప్ ఒకటి, జపాను ఒకటి, చైనా ఒకటి. ఒక పద్ధతి కోసం చేసిన టీవీకి ఇంకో పద్ధతి బొమ్మ అందదు. జపానూ యూరపూ తమ పద్ధతి పట్టుకుని దేశదేశాలు తిరిగాయి, పెళ్ళి సంబంధాలకు తిరిగినట్టు. ఏ దేశం ఎవరికి తలూపితే అక్కడ టవర్ల సామానూ, టీవీ లోపలి చిప్పులూ, వాటి మీద హక్కుల రుసుమూ వాళ్ళ వైపు మళ్ళుతాయి. జపాను బ్రెజిల్‌ను ఒప్పించింది. బ్రెజిల్ వెనక దక్షిణ అమెరికాలో చాలా దేశాలు నడిచాయి. తర్వాత ఫిలిప్పీన్స్ కూడా అటే పోయింది. ఎంత ఎక్కువమంది ఒక పద్ధతిలో చేరితే ఆ పద్ధతి టీవీ అంత చవక. పవన్ ఊరికే ఇచ్చేంత చవక.

"మరి మన దేశం ఎవరి పక్కకు పోయింది?"

"యూరప్ పక్కకు. కాని ఆ టవర్లు కొన్ని పెద్ద ఊళ్ళకే వచ్చినాయి. జనం అప్పటికే డిష్షుకూ కేబులుకూ మళ్ళినారు. చూసేవాళ్ళు లేని టవరు మీద ఖర్చెవరు పెడతారు? మన కొండల్లో ఏ పద్ధతీ లేదు. నువ్వు చింతచెట్టు కాదు, చందమామ ఎక్కినా రాదు."

ఇక ఏడుస్తుందనుకున్నాను. సంచి దులిపి లేచింది.

"టవరు లేకుంటే పాయె. ఆకాశంలో ఉపగ్రహం ఉంది కదా. డిష్షు పెట్టు."

"చేను మారినప్పుడల్లా తిప్పేదానికి నేను రావాల. నాకు అమరావతి నుంచి పిలుపులు వస్తాండాయి."

"నిన్నెవరు రమ్మన్నారు? ఎట్ల తిప్పాల్నో చూపించు, చాలు."

ఆ బుల్లి టీవీకి పక్కన బాక్సు వైరు పెట్టుకునే రంధ్రం ఉంది. ఇంట్లో మూలనపడ్డ పాత డిష్షు బాక్సు తెచ్చింది. దుకాణం డిష్షుకు కలిపి చూస్తే సీరియళ్ళు బ్రహ్మాండంగా వచ్చాయి, పాఠాల చానల్ మాత్రం రాలేదు. మళ్ళీ నా బల్ల ముందు కూర్చుంది.

"ఇది కూడా జపాన్‌దేనా అన్నా?"

"కాదులే. ఉన్ని మూట కడతారు చూడు, కొత్త చానళ్ళను ఇంకా గట్టిగా నొక్కి కడతాండారు. ఒకే మూటలో ఎక్కువ పడతాయి, ఖర్చు తగ్గుతాది. నీ పాత బాక్సుకు ఆ ముడి విప్పేది రాదు."

"ముడి విప్పే బాక్సే ఇయ్యి."

ఇచ్చాను. మంద దగ్గర దీపానికి వాడే బ్యాటరీకే దాన్నీ టీవీనీ కలిపాను. డిష్షును ఒక మార్కాపురం పలకరాయి మీద నిలబెట్టి, వంపు సరిచూసి, బోల్టులు బిగించి, "వంపు ముట్టుకోవద్దు. రాయి చదునుగా ఉండాల, మొగం ఆగ్నేయానికి ఉండాల. అంతే" అన్నాను. అంతే అన్నాను గాని, వేలెడు పక్కకు తిరిగితే బొమ్మ పోతుంది. వారం లోపల ఏడుస్తూ వస్తుందని పక్క టీ దుకాణం యేసుబాబుతో పందెం కూడా కట్టాను.

రాలేదు. ఫోనూ లేదు. మార్చిలో మంద దోర్నాల దారి పక్క చేలోకి మారిన రోజున నేనే బండేసుకుని వెళ్ళాను, ఉపకారం చేద్దామని.

గొర్రెలు అప్పుడే చేలో దిగుతున్నాయి. ఆమె పలకరాయి పరిచి దాని మీద చెంబుతో కాసిని నీళ్ళు పోసింది. నీళ్ళు ఒక పక్కకు జారాయి. ఆ పక్క కింద మట్టి తోసింది. మళ్ళీ పోస్తే నీళ్ళు కదలకుండా నిలిచాయి. రాయి మీద, బొమ్మ వచ్చినప్పుడు కర్ర నీడ పడ్డ చోట, మేకుతో గీసిన గీత ఒకటి ఉంది. ఎండ చూసి, ఫోనులో గంట చూసి, డిష్షు కర్ర నీడ ఆ గీత మీద పడేదాకా రాయిని తిప్పింది. బొమ్మ వచ్చేసింది.

"జనవరిలో పది కాకముందే నీడ గీత మీదికొచ్చేది. ఇప్పుడు పదకొండు దాటాల. పొద్దు జరుగుతాది అన్నా, నీ డిష్షు జరగదు. అది తెలిసేదానికి పది రోజులు చెడినాయి."

నేను చూస్తూ ఊరుకునే రకం కాదు. "ఇంకా మెరుగ్గా పెడతా చూడు" అని డిష్షు పట్టి రాయితో సహా ఒక్క తిప్పు తిప్పాను. తెర నల్లబడింది. పాఠానికి ఇంకో అరగంటే ఉంది, మబ్బు పట్టి నీడ కూడా పోయింది.

"ఓ బావా, అన్నను అవతలికి తీసకపో!" అని అరిచింది. నరసింహులు నన్ను గొర్రెల మధ్యకు తోలాడు. ఆమె మాత్రం గాభరా పడలేదు. రాయి మూలలు మట్టిలో దిగిన అచ్చు చూసి, తిరిగి అదే అచ్చులో కూర్చోబెట్టింది. తెర మీద త్రిభుజం కనిపించింది. ఒళ్ళో పుస్తకం పెట్టుకుని కూర్చుంది. గొర్రెపిల్ల ఒకటి వచ్చి పేజీ నమలబోతే మోచేత్తో తోసింది గాని తెర మీంచి కళ్ళు తీయలేదు.

పాసైంది. లెక్కల్లో యాభై రెండు. అంగన్‌వాడీ పనికి అర్జీ పెట్టుకుంది, పిలుపు కోసం చూస్తోంది. యాభై రెండులో నలభై నావేనని నేను సెంటరంతా చెప్పుకున్నాను. అది విని ఒకరోజు డిష్షు, పలకరాయి, బాక్సు బండి మీద వేసుకొచ్చి, నన్నడక్కుండానే దుకాణం మిద్దెక్కి పెట్టేసింది.

"ఏందిది చెల్లే?"

"లెక్కల పాఠం మొదటినుంచి మళ్ళా మొదలైతాండాది. తొమ్మిదిలో బడి మానినోనివి, జపాను సంగతులు చెప్తావు. పది పరీక్ష ఫీజు నేను కడతా. ఎక్కు మిద్దె."

యేసుబాబు టీ పోయడం ఆపి మరీ నవ్వాడు. ఆమె దిగిపోయింది. నేను మిద్దెక్కాను, వైరు చూద్దామని. ఇప్పటికి మూడో పాఠం నడుస్తోంది. నేను కూర్చుంటే తెర మీద అంకెలు వాటంతటవే లేచి నిలబడుతున్నాయి.