అవ్వ మగ్గానికి చోటు

బాపు నేస్తుంటే ఏళ్ల తరబడి నూలు కండెలు చుట్టిచ్చిన అవ్వకు, అంటే మా అమ్మకు, తానే మగ్గంలో కూర్చుని నేయాలని కోరిక. విప్పి పెట్టిన పాత గుంట మగ్గం ఇంట్లోనే ఉంది కానీ బిగించడానికి చోటు లేదు. అందుకే నడిమి గదిలోని మంచాలు, బియ్యం డ్రమ్ములు, కూలర్ అన్నీ కొలిచి, వాటికి సరిపోయేలా పెరట్లో రేకుల షెడ్డు వేయించాను. సామాను అందులోకి చేర్చి, ఖాళీ అయిన గదిలో మగ్గం చెక్కలు దించాను. అవ్వ నేలకేసి చూసింది.

"బిడ్డా, కాళ్లు యాడ పెట్టుకోవాలె?"

గుంట మగ్గం నేసేవాళ్ల కాళ్లు గోతిలో ఉండాలి. ఆ గదికి నేను ఎప్పుడో టైల్స్ వేయించాను. బాపు పడీపడీ నవ్వాడు.

"పొడుగు కొలిచినవ్, ఎడల్పు కొలిచినవ్. లోతు యాది మర్సినవారా, లెక్కల సారూ?"

అవ్వ ముఖం చిన్నబోయింది. అప్పుడు తట్టింది నాకు, షెడ్డు నేల ఇంకా మట్టిదేనని. సామానంతా మళ్లీ గదిలోకి మోసి, షెడ్డులో గుంట తవ్వాం. బాపే మగ్గం బిగించి పడుగు ఎక్కించాడు.

మొదటి జానెడు బట్ట వంకరగా వచ్చింది.

"పాము లెక్క పోతున్నదే," అన్నాడు బాపు.

"పోనియ్, రేపటికి సక్కగైతది. నువ్వు జర కండెలు సుట్టు," అంది అవ్వ, తల ఎత్తకుండానే.