హెడ్‌లైట్లకు నేను చేసిన వైద్యం

ఆ వయసులో నాకు తెలియని సంగతంటూ ఉండేది కాదు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పాసై, గడ్డపోతారంలో ఒక మందుల కంపెనీ ల్యాబులో కుదిరి, తెల్లకోటు తొడుక్కుని రెండేళ్ళు తిరిగిన మనిషిని. ఎవరు ఏ ప్రశ్న వేసినా జవాబు నాలుక చివరే ఉండేది (అది సరైన జవాబేనా అన్నది వేరే సంగతి). ఇప్పుడు ఎవరైనా ఏదైనా అడిగితే "కనుక్కుని చెప్తాను" అంటున్నానంటే ఈ వినయం నాకు ఊరికే రాలేదు. ఒక పాత కారు నేర్పింది.

ఆ కారు మా ల్యాబ్ ఇన్‌ఛార్జి సారుది. పన్నెండేళ్ళ బండి. ఆయన కొత్తది తీసుకుంటూ దీన్ని అమ్మేస్తానన్నాడు. కంపెనీ బస్సులో కిటికీ సీటు కోసం రోజూ కొట్లాడి విసిగిపోయిన నేను, ఎవరితోనూ ఒక్క మాట అనకుండా కొనేశాను. ఆదివారం పూట పటాన్‌చెరులో నా అద్దె గది నుంచి తోలుకుంటూ కొండాపూర్ మండలంలోని మా ఊరికి వెళ్ళి, ఇంటి ముందు ఆపి గట్టిగా హారన్ కొట్టాను. అమ్మ టైర్ల కింద పెట్టడానికి నిమ్మకాయల కోసం పరుగెత్తింది. మా నాయిన మాత్రం అరుగు మీద నుంచి లేవలేదు. తెగులు పట్టిన పత్తి మొక్కను చూసినట్టు బండిని పైనుంచి కిందికి చూసి, "దీని కండ్లకు పువ్వు పడ్డది. చక్రాలు సూస్తే తుప్పు రాలుతున్నయి. గిసొంటి బండిల నేను కూసోను బిడ్డా, నువ్వే తిరుగు" అన్నాడు.

ఆయన అన్నది అబద్ధం కాదు. హెడ్‌లైట్లు రెండూ ఎండకు మాగి పసుపు పచ్చగా మసకబారి ఉన్నాయి. చక్రాల రిమ్ములు ఎర్రగా తుప్పెక్కాయి. కానీ అసలు కోపం అది కాదని అమ్మ వంటింట్లోకి పిలిచి గుసగుసగా చెప్పింది. "తనను అడగకుంట కొన్నవని అలిగిండు మీ నాయిన. పది రోజులైతే సదాశివపేటల మీ మేనత్త బిడ్డ పెళ్ళి గద. బస్సుల్నే పోత అంటుండు." ఆ మాట నన్ను నిజంగా బాధపెట్టింది. ఆ పెళ్ళికి నాయినను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని వెళ్ళాలని కారు చేతికి రాకముందే కలలు కన్నదాన్ని. ఆయన బస్సు దిగి ఎండలో నడిచొస్తుంటే నేను ఖాళీ కారులో వెళ్ళి దిగడం తలుచుకుంటేనే ఏడుపొచ్చింది. సరే, ఆయన వంక బండి మీద పెట్టాడు. బండిని బాగుచేసేస్తే ఇక పెట్టడానికి వంక ఎక్కడుంటుంది?

చక్రాలతో మొదలుపెట్టాను. మా కంపెనీలో ఆడిట్ వాళ్ళు వస్తున్నారంటే చాలు, వారం ముందు నుంచే పైపులకు, రెయిలింగులకు, కదలకుండా ఉన్న ప్రతిదానికీ రంగు పడేది (కదలకుండా నిలబడిన మా సెక్యూరిటీ ఆయన చొక్కాకు కూడా ఒకసారి పడింది). చూసి చూసి ఆ విద్య నాకూ పట్టుబడిందనుకున్నాను. వెండిరంగు డబ్బా తెచ్చి, టైర్లకు పాత పేపర్లు చుట్టి, తుప్పు మీదే రెండు పూతలు పూశాను. గంటలో రిమ్ములు తళతళా మెరిశాయి. ఆ గర్వంతోనే హెడ్‌లైట్ల దగ్గరికి వచ్చాను. "ఫోన్ల వీడియోలున్నయి, ఒకసారి సూడరాదే" అంది నా రూమ్మేటు. ఎమ్మెస్సీ చదివిన మనిషి వీడియో చూసి నేర్చుకోవడమా! ల్యాబులో గాజు సామాను మీద ఎంత మొండి మరకనైనా అసిటోనుతో నిమిషంలో వదిలించే దాన్ని. కంపెనీ నుంచి చుక్క కూడా బయటికి తేకూడదు కాబట్టి గాజుల దుకాణానికి వెళ్ళి, గోళ్ళరంగు తుడిచే సీసాలు ఆరు అడిగాను. అందులో ఉండేదీ అదే. దుకాణం ఆమె నా బోసి గోళ్ళ వంక చూసి, "ఎంతమందికమ్మా?" అంది. "ఇద్దరికి" అన్నాను.

దూది ముంచి ముందు ఎడమ లైటు మీద కొంచెం రుద్దాను. పసుపు కాస్త దూదికి అంటింది. చదువు వృథా పోలేదని సంబరపడి, కుడి లైటు మీద ధారాళంగా పోశాను. రెండు నిమిషాల్లో అది పాలలా తెల్లబడింది. ఇంకాసేపటికి లోపలంతా సన్నని బీటలు పాకాయి. గాజు వేరు, ప్లాస్టిక్ వేరు అన్న మొదటి సంవత్సరం పాఠం నాకు సరిగ్గా అప్పుడు గుర్తొచ్చింది. సీసా చేతిలో పట్టుకుని ఆ తెల్లటి లైటు ముందు అలాగే గొంతుక్కూర్చుండిపోయాను.

మర్నాడు డ్యూటీ దిగి, సంగారెడ్డిలో కార్లకు డెంటింగు, పెయింటింగు చేసే ఒక చాచా దగ్గరికి బండి తీసుకుపోయాను. తెల్లగడ్డం, కళ్ళజోడుకు దారం. లైటును వేలితో తట్టి చూశాడు.

"ఏం పోసినవ్ బేటీ?"

చెప్పాను.

"ఎవరు పొయ్యమన్నరు?"

"ఎవరూ అనలె చాచా. నేనే పోసిన."

"ఏం చదివినవ్?"

"ఎమ్మెస్సీ కెమిస్ట్రీ."

"గందుకే" అన్నాడు చాచా, నా మీద జాలితో.

తర్వాత వంగి, ముందు చక్రం మీద గోరుతో గీకాడు. నా వెండిరంగు ఉడికిన ఆలుగడ్డ పొట్టులా ఊడి ఆయన చేతిలోకి వచ్చింది. దాని కింద తుప్పు ఎప్పటిలాగే ఉంది. "ఎడమ లైటు మంచిగైతది. కుడిదానికి లోపలిదాక పగుళ్ళు పోయినయ్, అది మార్చుడే. పాత బండి గద, లైటు దొరకనీకి పదిహేను రోజులు పడ్తది" అన్నాడు. పెళ్ళికి ఇంకా వారమే ఉందని నేను మొహం వేలాడేస్తే, ఒక స్టూలు నా వైపు తోశాడు. "పరేషాన్ గాకు. కూసో. నువ్వు ఖరాబు చేసినవ్, నువ్వే రుద్దాలె."

నాలుగు సాయంత్రాలు రుద్దాను. నీళ్ళలో తడిపిన ఉప్పుకాగితం, ముందు గరుకుది, తర్వాత నున్ననిది, తర్వాత ఇంకా నున్ననిది. గరుకు కాగితంతో రుద్దుతుంటే ఎడమ లైటు బాగుపడకపోగా ఇంకా మసకేసింది. నేను హడలిపోయి చెయ్యి తీసేస్తే, చాచా తల ఎత్తకుండానే "సబర్ బేటీ, జెర ఓపిక పట్టు. మంచిగయ్యే ముందు గట్లనే కనపడ్తది" అన్నాడు. చివర్లో పాలిషు పెట్టి తుడిచేసరికి లోపలి బల్బు స్పష్టంగా కనిపించింది. నా జన్మలో ఏ ల్యాబు రిపోర్టు చూసుకుని అంత మురిసిపోలేదు. చక్రాలను కూడా చాచా నా చేతే వైరు బ్రష్షుతో ఇనుము తేలేదాకా గీకించి, ప్రైమరు వేయించి, అది ఆరేదాకా నన్ను రంగు డబ్బా మూత తీయనివ్వలేదు. అన్నీ అయ్యేసరికి బండి కొత్త పెళ్ళికొడుకులా తయారైంది, కుడి కన్ను ఒక్కటీ తప్ప.

పెళ్ళిరోజు పొద్దున్నే ఊరికి వెళ్ళాను. అమ్మ రెండు రోజుల ముందే పెళ్ళింటికి పోయింది, నేను ఫోన్లో లైటు సంగతి చెప్తే, పోతూ పోతూ "రాయి తగిలిందని చెప్పు" అని నాకు నేర్పి మరీ పోయింది. నాయిన తెల్లచొక్కా తొడుక్కుని, భుజం మీద తువ్వాల వేసుకుని, బస్సుకు బయలుదేరుతున్నాడు. బండి చుట్టూ ఒక చుట్టు తిరిగాడు. రిమ్ము మీద గోరుతో గీకాడు. ఏమీ ఊడలేదు.

"గట్టి పనే. ఎవరు చేసిన్రు?"

"ఒక చాచా నేర్పిండు. నేనే రుద్దిన."

"మరి గీ లైటేంది గిట్లున్నది?"

రాయి నోటిదాకా వచ్చింది. కానీ ఆయన మొహం చూస్తూ చెప్పలేకపోయాను. "నేనే ఖరాబు చేసిన నాయినా. అన్నీ నాకే తెలుసనుకున్న, ఎవర్నీ అడగలె. కారు కొనేటప్పుడు నిన్ను గూడ అడగాలె, అడగలె" అన్నాను.

ఆయన వంగి ఆ తెల్ల లైటును తువ్వాల కొసతో ఒకసారి తుడిచాడు. తర్వాత, అమ్మ ఊళ్ళోనే లేదని తెలిసి కూడా, ఒకసారి ఇంటి గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించాడు.

"నువ్వు మూడో తరగతిల ఉన్నప్పుడు వాగు పక్క చెల్కల పత్తి మాడిపోయింది, యాదికున్నదా?"

"తెగులొచ్చిందంటివి గద."

"తెగులు లేదు, ఏం లేదు. పురుగుల మందనుకొని గడ్డిమందు కొట్టిన. డబ్బా మీద ఏం రాసున్నదో ఎవర్నన్న అడిగితే అయిపోతుండె. ఎట్లడుగుత? ఊర్ల అందరు నన్నే అడుగుతుండిరి అప్పుడు."

"అమ్మకు తెల్సా?"

"తెలిస్తే నన్ను బతకనిస్తదా?" అని, ముందు తలుపు తీసి ఎక్కి కూర్చున్నాడు.

దారి పొడుగునా "జెర మెల్లగ, జెర మెల్లగ" అంటూ, తన వైపు లేని బ్రేకును కాలితో తొక్కుతూనే ఉన్నాడు. సదాశివపేట ఫంక్షన్ హాలు గేటు దగ్గర ఆపబోతే ఒప్పుకోలేదు. "లోపటికి పోనీ, ఇంకా లోపటికి" అంటూ, బంధువులందరూ నిలబడి ఉన్న షామియానా ముందుదాకా తోలించి, అప్పుడు తీరికగా దిగాడు. పెళ్ళికూతురి తండ్రి, మా మేనత్త భర్త, ఎదురొచ్చాడు. అందరి ముందూ ఆయన కళ్ళు పోవాల్సిన చోటికే పోయాయి.

"ఏం బామ్మర్దీ, ఒక లైటు గిట్ల తెల్లగున్నదేంది?"

నా ప్రాణం పోయినంత పనైంది. నాయిన మాత్రం తువ్వాల సర్దుకుంటూ, రెప్ప కూడా కొట్టకుండా అన్నాడు. "కంపెనీల నుంచే గట్లొస్తది బావా. ఎదురొచ్చెటోళ్ళ కండ్లల్ల ఎలుగు కొట్టొద్దని. మా బిడ్డ సూసి సూసి తీసుకున్నది."

మామ "ఓహో" అని తల ఊపి, పక్కనే ఆపిన తన కారు లైట్లను కొంచెం దిగులుగా చూసుకున్నాడు. నాయిన నా వైపు చూడలేదు. నేనూ ఆయన వైపు చూడలేదు. చూస్తే ఇద్దరం అక్కడే పగలబడి నవ్వేవాళ్ళం, నేనైతే ఏడ్చేదాన్ని కూడా.

ఆ లైటు తర్వాత మార్చాను, ఆ పైన కారే మార్చాను. ఏ పని చేసినా పదిమందిని అడిగి చేసే వయసులోకి వచ్చాను. పనులు ఇప్పుడు చెడిపోవడం లేదు. అయినా ఒక్కోసారి, ఎవర్నీ అడగకుండా అంత పెద్ద తప్పు చేసి, దాన్ని నాయిన ముందు ఒప్పుకుని, ఆయనను పక్క సీట్లో కూర్చోబెట్టుకుని వెళ్ళిన ఆ పొగరుమోతు పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది. దాని మీద కొంచెం అసూయ కూడా కలుగుతుంది.