అమ్మ నేర్చిన జపాను మాట

ఆ ఇంటర్వ్యూకి ముందు నెల రోజులూ నాకు సరిగా ముద్ద దిగలేదు. ఇంటర్వ్యూ మా అమ్మాయికి, దిగులు నాకు. కరెంటు పోతుందేమో, ఫోను లైను తెగిపోతుందేమో, అన్నీ కుదిరాక కాగితాలు ఎవరి బల్ల మీదో ఆగిపోతాయేమో. పిల్ల వెళ్ళలేకపోతే ఎలాగని పొద్దున బస్సులో కుమిలేదాన్ని. వెళ్ళిపోతే ఎలాగని సాయంత్రం బస్సులో కుమిలేదాన్ని. నా దిగులుకి రానూ పోనూ టిక్కెట్టు ఉండేది.

మేం బర్మాలో, ఇన్సేన్‌లో ఉంటాం. ఇంట్లో ముగ్గురం ఆడవాళ్ళమే: మా అమ్మ, నేను, నా కూతురు. మా ఆయన పోయి చాలా ఏళ్ళయింది. నేను చౌక్తడాలో ఒక లాయరు దగ్గర బర్మీస్ కాగితాలు టైపు చేస్తాను. అమ్మాయి మింగళాడోన్‌లో బట్టల ఫ్యాక్టరీలో కుట్టు పని చేసేది. ఆ ఫ్యాక్టరీ మూతపడింది. పదిహేను రోజులు గోడకేసి చూస్తూ కూర్చుని, పదహారో రోజున జపాను భాష క్లాసులో చేరింది. అక్కడ ముసలివాళ్ళని చూసుకునే ఇళ్ళలో పనికి మనుషులు కావాలట. మా వీధిలో వయసు పిల్లలందరి నోటా ఇప్పుడు జపానో, కొరియానో. తిండి ఎటుంటే నాలుక అటే తిరుగుతుందని నేను ఎవరినీ తప్పు పట్టను. పట్టే మొహం కూడా కాదు నాది.

మా తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడలో వచ్చి ఇక్కడి రైల్వే వర్క్‌షాపులో చేరాడు. అప్పుడు పని చెప్పే మేస్త్రీ మనవాడే, పక్కన సుత్తి పట్టినవాడూ మనవాడే. తెలుగు ఒక్కటి వస్తే కడుపు నిండేది. అమ్మ పెళ్ళయ్యాక వీధి మొగలో ఇడ్లీలు అమ్మింది. కొనేవాళ్ళూ మనవాళ్ళే కాబట్టి ఆమెకి బర్మీస్ కూరగాయల బేరం మేరకే వచ్చింది. తర్వాత మేస్త్రీలు మారారు. ఉద్యోగం కావాలంటే బర్మీస్ రాయడం రావాల్సి వచ్చింది. వెళ్ళగలిగినవాళ్ళు తిరుగు ఓడెక్కేశారు. మిగిలిన మా తెలుగు గుడికీ వంటింటికీ సరిపెట్టుకుంది. గుడి వెనక రేకుల షెడ్డులో ఆదివారాలు మా నాన్న దగ్గరుండి దిద్దించిన అక్షరాలే నాకు దక్కాయి.

నా కూతురికి అవి కూడా దక్కనివ్వలేదు. దాన్ని బడిలో వేసిన ఏడాది, పిల్ల పాఠం అందుకోలేకపోతోందని టీచరు పిలిచి చెప్పింది. ఇంట్లో ఏం మాట్లాడతారని అడిగింది. తెలుగని సిగ్గుపడుతూ చెప్పాను. ఇంటికొచ్చి ఆ కోపం అమ్మ మీద చూపించాను.

"అమ్మా, గుంట కాడ మనోల్ల మాట ఆడకు. బడిలో ఎనకబడిపోతంది."

"మరేటి ఆడమంటావే?"

"బర్మా మాటే ఆడు, నీకొచ్చిన కాడికి."

మా అమ్మ మొండిది. నా పెళ్ళి దగ్గర్నుంచి ఇంటి సున్నం దాకా నా మాట ఏదీ విన్న మనిషి కాదు. ఆ ఒక్కటీ విన్నది. పిల్లతో ఆమె మాటలు అన్నం, నీళ్ళు, రా, పో దగ్గర ఆగిపోయాయి. పిల్ల ఆమెని అమ్మమ్మా అనదు, బర్మా పిల్లల్లాగే ఫ్వాఫ్వా అని పిలుస్తుంది. ఇద్దరికీ ప్రేమకి లోటు లేదు, మాటకే లోటు. అది నాకు ఇన్నేళ్ళూ కనిపిస్తూనే ఉంది. కనపడనట్టు బస్సెక్కాను.

జపాను చదువు ఇంట్లోకి వచ్చాక ఒక వింత జరిగింది. ముసలివాళ్ళని లేపడం, కూర్చోబెట్టడం, పలకరించడం సాధన చెయ్యాలి. దానికి దొరికిన ముసలి మనిషి మా అమ్మ. రోజూ సాయంత్రం పిల్ల మంచం పక్కన పీట వేసుకుని, వంగి, అమ్మ కళ్ళలోకి చూస్తూ, "ఇతాయ్ దెస్ కా?" అని అడిగేది. నొప్పిగా ఉందా అని. అమ్మ "దైజోబు" అనాలి. బాగానే ఉన్నాను అని. మొదటి వారం అమ్మ నవ్వాపుకోలేక దుప్పటి నోట్లో కుక్కుకునేది. తర్వాత తర్వాత పొద్దు వాలేసరికి తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని, మంచం మీద సిద్ధంగా కూర్చునేది. నాకు కొంచెం కుళ్ళుగా కూడా ఉండేది. ఒప్పుకోవాలి కదా.

ఇంటర్వ్యూకి రెండు రోజుల ముందు, పొద్దున, నేను బయల్దేరుతుంటే అమ్మ మంచం మీంచి అంది, "ఏటోనే, కడుపులో పట్టేసినట్టుంది."

"వాము నవిలి తొంగో అమ్మా, బస్సెల్లిపోతాది," అన్నాను.

ఆ సాయంత్రం పిల్ల మామూలుగా "ఇతాయ్ దెస్ కా?" అని అడిగింది. అమ్మ దైజోబు అనలేదు. "ఇతాయ్," అంది.

పిల్ల ఎగిరి చప్పట్లు కొట్టింది. "అమే, ఫ్వాఫ్వా సొంతంగా కొత్త మాట నేర్చుకుంది!" అని నన్ను పిలుస్తూ బర్మీస్‌లో అరిచింది. నేనూ వంటింట్లోంచి వచ్చి చప్పట్లు కొట్టాను. నొప్పి ఉందంటే ఏమేం అడగాలో పుస్తకంలో రెండో పేజీలో ఉంది. ఆ పేజీ చెప్పే అవకాశం పిల్లకి అప్పటిదాకా రాలేదు. ఎక్కడ, ఇక్కడా, ఇక్కడా అని సంబరంగా అడిగింది. అమ్మ దాని చెయ్యి పట్టుకుని కుడి డొక్క కింద పెట్టుకుంది. మర్నాడు కూడా అంతే. మేం మళ్ళీ మురిసిపోయాం.

ఇంటర్వ్యూ ఆ మర్నాడు మధ్యాహ్నం, ఫోను వీడియోలో. ఇంట్లోని మనిషినే రోగిగా కూర్చోబెట్టి చూపించవచ్చని జపానుకి మనుషుల్ని పంపే ఏజెన్సీ వాళ్ళు చెప్పారు. ఫోను పట్టుకునే పని నాది. మొదలైన కాసేపటికే కరెంటు పోయింది. బ్యాటరీ అందుకుంది. నా గుండె మాత్రం అందుకోలేదు. పిల్ల వంగి అడిగింది. అమ్మ "ఇతాయ్" అంది. ఫోనులో ఉన్న జపాను ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వి, మీ అమ్మమ్మ చాలా బాగా చేస్తున్నారని మెచ్చుకుంది. పిల్ల అమ్మ వీపు కింద చెయ్యి వేసి, నెమ్మదిగా ఒరిగించి పడుకోబెట్టింది. అమ్మ నుదుటి మీద చెమట కారుతోందట. నేను చూడలేదు. నేను చూస్తున్నది ఫోను మూలనున్న సిగ్నల్ గీతల్ని.

అయిపోయింది. పిల్ల గంతులు వేసి, ఇంక లెమ్మని అమ్మ చెయ్యి లాగింది. అమ్మ లేవలేదు. ఒళ్ళు కాలిపోతోంది.

టాక్సీలో ఆసుపత్రికి పోయేలోపు నేను మొక్కని దేవుడు లేడు. డాక్టరమ్మ పొట్ట నొక్కి చూసి, ఎప్పటి నుంచి నొప్పి అని అడిగింది. నేను నోరు తెరిచేలోగా పిల్ల ఆవిడతో చెప్పింది. "మొన్నటి నుంచి చెబుతూనే ఉంది, సయామా. మేం చప్పట్లు కొట్టాం." డాక్టరమ్మకి అర్థం కాలేదు. మాకు అర్థమై ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేకపోయాం. పిత్తాశయంలో రాళ్ళు, చీము పట్టిందన్నారు. ఇంకో రోజు ఆగితే చెప్పలేమన్నారు. వెంటనే ఆపరేషన్ చేశారు.

అమ్మ బతికింది. నాలుగో రోజు లేచి కూర్చుని గంజి తాగింది. ఆ పొద్దునే పిల్ల ఎంపికైనట్టు ఫోనుకి కబురొచ్చింది. నెల రోజులు ఎదురుచూసిన కబురది. చూసి ఫోను సంచిలో పడేశాను.

"అమ్మా, అంత నొప్పుంతే నాకెందుకు సెప్పనేదు?"

"నీకే ముందు సెప్పినాను. నువ్వు సెప్పులేసుకుంతన్నావు."

నేను కాసేపు గంజి గిన్నె కడిగాను. కడిగిందే మళ్ళీ కడిగాను.

"పోనీ గుంటకైనా మన మాటలో సెప్పొచ్చు గదా. కడుపు, నొప్పి, ఆ పాటి తెలీదేటి దానికి?"

అమ్మ నావైపు వింతగా చూసింది. "గుంట కాడ మన మాట ఆడొద్దన్నావు గదే," అంది. "అది కూకోని అడిగింది. అడిగిన మాటలోనే సెప్పినాను."

పిల్లకి ఐదేళ్ళప్పుడు నేనన్న మాట అది. ఇప్పుడు దానికి ఇరవై రెండు. ఏడుపు ఆగలేదు. చీర చెంగు నోట్లో పెట్టుకుని ఏడ్చాను.

అప్పుడే పిల్ల మందులు పట్టుకుని లోపలికొచ్చింది. మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ఈసారి పుస్తకం మాట కాకుండా, బర్మీస్ యాస పట్టిన తెలుగులో, తడుముకుంటూ అడిగింది. "అమ్మమ్మా, నొప్పి... ఉందా?"

అమ్మ మొదట నా మొహం చూసింది. తర్వాత దాని చెయ్యి నిమిరింది.

"దైజోబు," అంది.