మల్లక్క ఎండుచాపల గంప

ఖిలా వరంగల్‌లో మట్టికోట లోపల మా వాడకట్టుకు కొత్తగా వచ్చినవాళ్ళు మల్లక్క ఇల్లెక్కడని అడిగితే, వాసన పట్టుకుని పొమ్మని చెప్పేవాళ్ళం. ఆమె ఎండుచాపలు అమ్మేది. భర్త యాకయ్య స్టేషన్‌లో గూడ్సు షెడ్డు హమాలీ. కోస్తా నుంచి వచ్చిన ఎండుచాపల బస్తాలు దించేవాళ్ళలో అతనొకడు. ఆ పరిచయంతోనే పెళ్ళయిన ఏడాదికి మల్లక్క ఒక బస్తా తెచ్చుకుని, గంప నెత్తిన పెట్టుకుని గల్లీలు తిరగడం మొదలుపెట్టింది.

డెబ్బైల మొదట్లో ఆ గంప చూడాల్సిందే. నెత్తళ్ళు, కవళ్ళు, రిబ్బనులా పొడుగ్గా మెరిసే సావళ్ళు, గొరకలు, కొయ్యంగలు, ఉప్పు పట్టించిన పండుగప్ప ముక్కలు, బాలింతలకు పాలు పడతాయని వండిపెట్టే సొర, రెండు మూడు రకాల ఎండు రొయ్యలు. వానాకాలంలో కూరగాయలు పిరమైతే పుంటికూరలో ఇన్ని రొయ్యలు వేసుకుంటే ఇంటిల్లిపాదికీ ఆ పూట గడిచేది. ఏ చాప దేంట్లోకి బాగుంటుందో మల్లక్క చెప్పేది. అయితే ఆ చాపలు ఎక్కడ పుడతాయో, ఎట్లా పెరుగుతాయో ఆమెకేం తెలుసు. సముద్రం ఎట్లుంటుందో కూడా చూడలేదు.

ఒక ఏడు వచ్చిన బస్తాల నిండా ఇసుకే. మల్లక్కకు కోపం వచ్చింది. "నేనే పోయి తెచ్చుకుంట" అంది. యాకయ్య నవ్వాడు కానీ ఆపలేదు. బెజవాడ దాకా రైలు, అక్కణ్ణుంచి బస్సు, ఆ తర్వాత పడవ. అట్లా ఆమె దివిసీమలో సముద్రం ఒడ్డున ఒక పల్లెకు చేరింది. ఇసుక మీద చేపలు ఆరబోస్తున్న ఒక ఆడమనిషి తలెత్తి చూసి, "ఎవరమ్మా నువ్వు, ఇంత ఎండలో వచ్చావు? ముందు మంచినీళ్ళు తాగు" అంది. ఆమె పేరు మోపిదేవి. మల్లక్క ఈడుదే. భర్త వలకు పోతాడు, ఈమె చేపలు ఎండబెడుతుంది.

సాయంత్రం మోపిదేవి ఆమెను పడవలో కాలువ వెంట తీసుకుపోయింది. రెండు వైపులా మడ అడవి. బురదలోంచి వేళ్ళు గుంజల్లా పైకి లేచి ఉన్నాయి. నీళ్ళలోకి వంగి చూస్తే ఆ వేళ్ళ సందుల్లో గోరంత చేపపిల్లలు గుంపులు గుంపులు.

"ఇదే వదినా మా పురిటిల్లు" అంది మోపిదేవి. "కొయ్యంగలు, పండుగప్పలు, రొయ్యలు అన్నీ పిల్లలప్పుడు ఇక్కడే దాక్కుంటాయి. కాస్త ఒళ్ళు చేశాక సముద్రంలోకి పోతాయి."

ఆ నాటి నుంచి వాళ్ళిద్దరూ వదినా వదినా అనే పిలుచుకున్నారు. మల్లక్క ఏటేటా పోయేది. పోయేటప్పుడు వరంగల్ మిరపకాయలు, వచ్చేటప్పుడు చాపలు.

డెబ్బై ఏడులో ఉప్పెన వచ్చింది. దివిసీమలో ఊళ్ళకు ఊళ్ళు కొట్టుకుపోయాయని చౌరస్తాలో హోటల్ రేడియో చెబుతోంటే మల్లక్క గంప దించి అక్కడే కూలబడింది. ఇంటికి వచ్చినా అన్నం ముట్టలేదు.

"గిట్ల కూసుంటె ఏమొస్తది? పోయి సూసిరా" అన్నాడు యాకయ్య.

జొన్నరొట్టెలు, పాత చీరెలు మూటగట్టుకుని పోయింది. రోడ్లు లేవు. దారి పొడుగునా చూసిన వాటిని ఆమె తర్వాత మాకెవరికీ చెప్పలేదు. అడిగితే మాట మార్చేది. బడిలో పెట్టిన సహాయ శిబిరంలో మోపిదేవి కనిపించింది. భర్త పోయాడు. ఆమె, కూతురు మిగిలారు.

"మడచెట్టు కొమ్మ పట్టుకున్నాం వదినా" అంది మోపిదేవి. "నీళ్ళు మా ఊరి మీదికి వచ్చేసరికే ఆ అడవి వాటి జోరు సగం తగ్గించింది. అడవి లేని ఊళ్ళో ఒక్కరూ మిగల్లేదు."

మల్లక్క ఆ కూతురికి రొట్టె తినిపించి, మోపిదేవిని పట్టుకుని ఏడ్చింది. వారం పైనే ఉండి, వాళ్ళకు గుడిసె లేచేదాకా మట్టి మోసింది.

తర్వాత కొన్నేళ్ళు మళ్ళీ బాగానే గడిచాయి. మోపిదేవి కూతురికి పెళ్ళయింది. మల్లక్క గంప మోయలేక అంగడిలో గోనెపట్టా పరుచుకుని కూర్చుంటోంది. మార్పు మెల్లగా వచ్చింది. ముందు సొర తగ్గింది. లోపల సముద్రంలో పెద్ద మరపడవలు ఊడ్చుకుపోతున్నాయన్నారు. ఆ తర్వాత పండుగప్ప రావడం మానేసింది. ఒక్కో ఏడు ఒక్కో రకం తప్పిపోతుంటే, గోనెపట్టా మీద ఉన్న నెత్తళ్ళనే కొంచెం వెడల్పుగా పరిచేది మల్లక్క.

ఎనభై ఆరులో పోయినప్పుడు పడవ దిగి తాను దారి తప్పాననుకుంది. మడ అడవి ఉన్నచోట చదరం చదరంగా గట్లు, గట్ల మధ్య రొయ్యల చెరువులు. ఇంజన్లు నీళ్ళు తోడుతున్నాయి. కాలువలో మోపిదేవి నడుములోతు నీళ్ళలో నిలబడి, దోమతెరలాంటి సన్నటి వల లాగుతోంది. ఒడ్డుకు తెచ్చి పళ్ళెంలో పోసి, గాజుపుల్లల్లాంటి రొయ్యపిల్లలను ఒక్కొక్కటే ఏరి కుండలో వేసింది. చెరువులవాళ్ళు వాటిని కొనుక్కుపోతారు. పళ్ళెంలో మిగిలినదంతా ఇసుక మీద గుమ్మరించింది. అక్కడ అప్పటికే పెద్ద కుప్ప ఉంది. అంతా చేపపిల్లలే. కొన్ని ఇంకా కొట్టుకుంటున్నాయి.

మల్లక్క వంగి కుప్పలోంచి ఒక దాన్ని అరచేతిలోకి తీసుకుంది.

"వదినె, ఇది కొయ్యంగ పిల్ల గాదా?"

"అవును."

"ఇది గొరక?"

మోపిదేవి వల దులుపుకుంటోంది.

"నీళ్ళల్లనన్న ఇడువరాదు? వచ్చే ఏడు నా గోనెపట్ట మీదికి రావలసినయి ఇవే గద."

"ఒక్క రొయ్యపిల్ల కోసం ఇన్ని ఏరాలి. ఏరేసరికే అవి చచ్చిపోతాయి" అంది మోపిదేవి. "నీకు వచ్చే ఏటి గోల వదినా. ఇవాళ నేనేం తినాలి? వలకు పోయే మగాడు లేడు. అడవి నేను కొట్టలేదు, చెరువులు నేను తవ్వలేదు. నాకొచ్చి చెబుతావేంటి?"

"నేనేమన్న పరాయిదాన్నా జెప్పొద్దనడానికి?"

"పరాయిదానివి కాకపోతే నా కడుపు సంగతి ముందడిగేదానివి."

మల్లక్క ఆ పూటే తిరుగు పడవ ఎక్కింది. తర్వాత రెండేళ్ళు అటు వెళ్ళలేదు. చౌరస్తా దుకాణంలో దొరికిన సరుకే తెచ్చి అమ్మింది. పాత గిరాకీలు వచ్చి సావళ్ళు లేవా, గొరకలు లేవా అని అడిగితే "వస్తలేవు బిడ్డా" అని ఊరుకునేది. ఇంట్లో మోపిదేవి పేరెత్తితే యాకయ్య మీద కసురుకునేది. ఆమె అన్న చివరి మాట మాత్రం మనసులోంచి పోలేదు. అది నిజమే కదా అని ఒకసారి మా అమ్మతో అన్నది.

ఎనభై ఎనిమిది మాఘమాసంలో మోపిదేవే వచ్చింది. స్టేషన్‌లో హమాలీలను అడిగి యాకయ్యను పట్టుకుంటే, అతను ఇంటికి తీసుకొచ్చాడు. చిన్న మూట, చిక్కిపోయిన ఒళ్ళు. మల్లక్క వాకిట్లో చాట పక్కన పెట్టి లేచి నిలబడింది.

"తిన్నవా వదినె?" అంది మల్లక్క.

"లేదు."

మల్లక్క పొయ్యి అంటించింది.

తిన్నాక మోపిదేవి చెప్పింది. పోయినేడు కాలువ సముద్రంలో కలిసే మొగదాకా చెరువుల గట్టు వేశారు. పోటు నీళ్ళు లోపలికి రావడం ఆగింది. దాంతో రొయ్యపిల్లలు కూడా కరువయ్యాయి. చెరువుల ఉప్పు ఊరి బావిలోకి దిగి మంచినీళ్ళు కూడా చెడ్డాయి. కూతురి అత్తగారింట్లో ఎన్నాళ్ళని ఉంటుంది?

"ఈడ ఉండు. ఇద్దరం ఏదో ఓటి చేసుకుందాం, ఫికర్ చెయ్యకు" అంది మల్లక్క.

ఎనుమాముల మార్కెట్‌లో మిరప సీజను జోరుగా ఉంది. ఇద్దరూ మిరపకాయలు ఏరే పనికి పోయారు. రంగు పోయిన తాలుకాయ ఒక పక్క, మంచికాయ ఒక పక్క. మొదటి రోజుల్లో మోపిదేవి చేతులు మంటలెత్తి, కళ్ళు వాచి, దగ్గుతో నిద్రపోయేది కాదు. మల్లక్క ఆమె చేతులకు మజ్జిగ రాసేది. అట్లా రాస్తుండగా ఒక పొద్దున మోపిదేవి ఉన్నట్టుండి అంది.

"ఇక్కడ ఏరేటప్పుడల్లా ఆ కుప్పే కళ్ళ ముందుకొస్తోంది వదినా. అందులో ఏమేం ఉన్నాయో నాకు పేరుపేరునా తెలుసు. తెలిసే గుమ్మరించాను. నువ్వు అడిగినప్పుడు కోపం నీ మీద కాదు."

"నేను గూడ ముందుగాల నీ తిండి సంగతి అడగాలె. చాపల సంగతే అడిగిన" అంది మల్లక్క.

మరుసటి ఏడు ఎండాకాలంలో మోపిదేవి మరిది వెతుక్కుంటూ వచ్చాడు. ఊరివాళ్ళంతా కలిసి కాలువ మొగదగ్గర గట్టుకు గండి కొట్టారట. పోలీసులు కొందరిని తీసుకుపోయారు. కేసు నడుస్తోంది. కానీ పోటు మళ్ళీ లోపలికి వస్తోంది. మిగిలిన కాస్త మడను నరకనివ్వకూడదని, కాలువలో సన్నవల వేయకూడదని ఊరు కట్టుబాటు చేసుకుంది.

"గట్టు మళ్ళీ వేయకుండా కాలువ దగ్గర వంతులేసుకుని కాపలా ఉంటున్నాం వదినా. ఆడాళ్ళు తక్కువ పడుతున్నారు" అన్నాడతను.

మోపిదేవి మల్లక్క వైపు చూసింది.

"పో" అంది మల్లక్క. "నీ ఊరది. నేను దసరా దాటినంక వస్త."

అన్నట్టే కార్తీకంలో వెళ్ళింది. వచ్చాక అందరం చుట్టూ చేరి ఏం తెచ్చావని అడిగాం. మూట విప్పింది. గుప్పెడు ఎండు రొయ్యలు, కొన్ని కొయ్యంగలు. కొయ్యంగలు మళ్ళీ కనబడుతున్నాయట. పండుగప్ప లేదు, గొరకలు లేవు. ఎప్పటికి వస్తాయో, వస్తాయో రావో మోపిదేవికి కూడా తెలియదట. అడవి మళ్ళీ లేవాలని బురదలో మడ కాయలు గుచ్చుతున్నారని, తాను కూడా మోకాలు లోతు దిగబడి కొన్ని గుచ్చి వచ్చానని మల్లక్క చెప్పింది.

ఆ కొయ్యంగలు ఆమె అమ్మలేదు. వాడకట్టులో ఇంటికింత పంచిపెట్టి, మిగిలినవి మామిడికాయ ఒరుగులతో వండి యాకయ్యకు పెట్టింది.