గుల్‌మొహర్ కింద పగటి నిద్ర

తొంభైల్లో మేము ఛత్రినాకలోని అద్దె గది విడిచి, జల్‌పల్లిలో చిన్న జాగా కొనుక్కుని రేకుల ఇల్లు వేసుకున్నాం. మా ఆయనకు ఫ్యాక్టరీలో ఎప్పుడూ రాత్రి డ్యూటీయే. నేను పత్తర్‌గట్టిలో చీరలకు ఫాల్ కుట్టే దుకాణానికి పొద్దున్నే బయలుదేరి చీకటి పడ్డాక వచ్చేదాన్ని. ఆయన గేటు తీసే వేళకు నేను చెప్పులు వేసుకుంటూ ఉండేదాన్ని. మా మాటలన్నీ ఆ గేటు దగ్గరే.

ఎండాకాలం పగటిపూట రేకుల కింద పడుకోవడం ఎవరి తరమూ కాదు. అందుకని ఆయన వాకిట్లో గుల్‌మొహర్ మొక్క నాటాడు. తొందరగా పెరుగుతుందని ఎవరో చెప్పారట. నిజంగానే కొన్నేళ్లకే వాకిలంతా కమ్ముకుంది. మేలో ఆకు కనపడకుండా ఎర్రగా పూసేది. ఆయన దాని కింద నులక మంచం వేసుకుని పడుకునేవాడు. నాకు మాత్రం అది ఊడ్చే పనే. సన్నటి ఆకులు బియ్యంలో కూడా పడేవి.

కొన్నాళ్లకు చెట్టు పక్కనే నేలలో కట్టించుకున్న సంపులో నీళ్లు నిలవడం మానేశాయి. ట్యాంకర్ నింపి వెళ్లిన మర్నాటికే అడుగంటేవి. మేస్త్రీ లోపలికి దిగి చూసి పైకొచ్చాడు.

“చెట్టు ఏరు గోడ చీల్చి లోపటికొచ్చిందక్కా. ఎంత సిమెంటు పెట్టినా గింతే. చెట్టు కొట్టాలె.”

ఆయన చెట్టు జోలికి పోలేదు. మరుసటి వారం ప్లాస్టిక్ డ్రమ్ములు తెచ్చి వరసగా పెట్టాడు. అప్పటినుంచి డ్రమ్ముల్లోంచి వంటింటికి బకెట్లు మోయడం నా పనయింది. రోజంతా వంగి సూది పట్టిన మెడ, సాయంత్రం బకెట్ ఎత్తగానే పట్టేసేది. చెట్టు సంగతి ఎత్తితే ఈ ఎండాకాలం పోనీ అనేవాడు. అలా కొన్ని ఎండాకాలాలు పోయాయి.

చివరికి ఒకరోజు గేటు దగ్గర ఆయనే అన్నాడు. “కొట్టిపిద్దాం తియ్. నేనెట్లనో పండుకుంట.”

చెట్టు కొట్టే మనిషి వస్తానన్న రోజున నాకు జ్వరం తగిలి దుకాణానికి పోలేదు. పొద్దెక్కినా, ఓవర్‌టైమ్ పడి ఆయన ఇంకా డ్యూటీ నుంచి రాలేదు. లోపల రేకులు సెగలు కక్కుతుంటే వచ్చి ఆ మంచం మీద వాలాను. సెలవు రోజుల్లో కూడా ఆ వేళకు పొయ్యి దగ్గరో బట్టల దగ్గరో ఉండేదాన్ని కాబట్టి, ఆ నీడ ఎట్లా ఉంటుందో నాకు తెలియదు. కళ్లు మూతలు పడ్డది తెలుసు, అంతే.

లేచేసరికి పొద్దు వాలింది. గేటు పక్కన గొడ్డలి నేలమీద పెట్టి ఆ మనిషి కూర్చుని ఉన్నాడు. పక్కనే మా ఆయన, నిద్రలేక ఎర్రబడ్డ కళ్లతో. నన్ను లేపొద్దని ఆయనే చెప్పాడట.

“కొట్టమందామా మరి?” అని అడిగాడు.

“ఇయాల వద్దు,” అన్నాను.

ఆ మనిషి విసుక్కోకుండా చాయ్ తాగి వెళ్లిపోయాడు. మళ్లీ మేము పిలవలేదు.

ఇంటికి నల్లా నీళ్లు వచ్చేదాకా డ్రమ్ములు అట్లాగే ఉన్నాయి. డ్యూటీకి పోయే ముందు వంటింటి బకెట్లు ఆయనే నింపి పెట్టేవాడు. సెలవు రోజు మధ్యాహ్నం మంచం నాది, కింద చాప ఆయనది. మాట్లాడుకోవడానికి అప్పుడు తీరిక ఉండేది గానీ, ఓపిక ఉండేది కాదు. ఇద్దరం నిద్రపోయేవాళ్లం.